నేనేం అనలేదమ్మా, నవ్వానంతే

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్ళు, ఎనిమిదో తరగతి. హోంవర్క్ ఫొటో కోసం తన ఫోన్ తీసుకుంటే క్లాసు ఆడపిల్లల గ్రూపు ఒకటి కనిపించింది. ఒక్క అమ్మాయి తప్ప అందరూ అందులో ఉన్నారు. ఆ అమ్మాయి ఈ ఏడే కొత్తగా చేరింది, మాట్లాడేటప్పుడు నత్తి వస్తుంది. తను క్లాసులో పాఠం పైకి చదువుతుంటే ఎవరో రికార్డు చేసి ఆ గ్రూపులో పెట్టారు. రెండు నెలలుగా దాని మీద వెక్కిరింపులు, స్టిక్కర్లు. మొదలుపెట్టింది ఒకటో తరగతి నుంచి మా అమ్మాయికి ప్రాణస్నేహితురాలు. మా అమ్మాయి ఒక్క మాట కూడా రాయలేదు, కానీ ప్రతిదానికీ నవ్వే ఎమోజీ పెట్టింది. అడిగితే "నేనేం అనలేదమ్మా, నవ్వానంతే. నవ్వకపోతే రేపు నన్నే అంటారు" అని ఏడ్చింది. మావారేమో "పిల్లల గొడవలు పిల్లలే తేల్చుకుంటారు, నువ్వు మధ్యలో దూరకు" అంటున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. ఫోన్ లాక్కోవాలా? స్కూల్లో చెప్పాలా? ఆ పాప వాళ్ళమ్మకు చెప్పాలా? అసలు నా కూతురు చెడ్డదైపోయిందా?

సమాధానం:

అమ్మా, మీ అమ్మాయి చెడ్డది కాదు. ఇది తేలకపోతే మిగతా మాటలేవీ మీ మనసుకు పట్టవు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. అయితే తను చేసింది చిన్న తప్పు కూడా కాదు. మొదటి సంగతి మరిచిపోతే మీ దగ్గర తిట్లే మిగులుతాయి. రెండోది మరిచిపోతే "పోనీలే, చిన్నపిల్ల" అని సర్దేసుకుంటారు. తనతో మాట్లాడేటప్పుడు రెండూ గుర్తుండాలి.

ఇలాంటి ఉత్తరాలు నాకు ఎక్కువగా ఏడుస్తున్న పిల్లల ఇళ్ళనుంచి వస్తాయి. నవ్విన పిల్ల ఇంటినుంచి రావడం చాలా అరుదు. ఫోన్ పక్కన పెట్టేసి చూడనట్టు ఉండిపోవచ్చు, మీరు ఉండలేదు. అందుకే మీకు కాస్త వివరంగా రాస్తున్నాను.

మీవారి మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే చాలా ఇళ్ళలో ఈ విషయం అక్కడే ఆగిపోతుంది. గొడవ అంటే ఇద్దరూ సమానంగా ఉన్నచోట జరిగేది. ఇవాళ ఒకరు ఒక మాట అంటారు, రేపు రెండోవారు తిరిగి అంటారు, ఎల్లుండికి కలిసిపోతారు. దాన్ని పిల్లలకే వదిలేయవచ్చు, నేనూ అదే చెబుతాను. మీరు రాసినది అది కాదు. ఒకవైపు క్లాసు ఆడపిల్లలంతా, ఇంకోవైపు ఒక్క పిల్ల. ఆ పిల్లకు ఆ గ్రూపు ఉందని కూడా తెలియకపోవచ్చు, తెలిసినా నోరు తెరిచి ఎదురు చెప్పలేదు, ఎందుకంటే వాళ్ళు వెక్కిరిస్తున్నదే తన మాటను. ఇక్కడ తేల్చుకోవడానికి ఇద్దరు ఎక్కడున్నారు?

మన భాషలో ఇంకో చిక్కు ఉంది. తమ్ముణ్ణి సరదాగా ఉడికించినా "ఏడిపించడం" అనే అంటాం, ఒక పిల్లను నెలల తరబడి కుళ్ళబొడిచినా "ఏడిపించడం" అనే అంటాం. మాట ఒకటే కావడంతో రెండోది కూడా మొదటిదానిలా తేలిగ్గా వినిపిస్తుంది. దీన్ని విడదీసి చూపించిన మనిషి డాన్ ఓల్వేయస్. 1970లలో స్కాండినేవియా స్కూళ్ళలో ఈ విషయం మీద పని మొదలుపెట్టిన మనస్తత్వవేత్త. ఆయన మూడు గుర్తులు చెప్పాడు: కావాలని బాధపెట్టడం, అది మళ్ళీ మళ్ళీ జరగడం, బాధపడేవారికి ఎదుర్కొనే బలం లేకపోవడం. మీ అమ్మాయి ఫోన్‌లో ఉన్నదానికి ఈ మూడూ సరిపోతాయి. మీవారికి ఈ మూడు గుర్తులు చెప్పి, తర్వాత ఆ గ్రూపు చూపించండి. వాదించనక్కర్లేదు, చదవమనండి చాలు.

"పెద్దయ్యాక అన్నీ మర్చిపోతారు" అని కూడా ఆయన అనవచ్చు. 1958లో బ్రిటన్‌లో ఒకే వారంలో పుట్టిన వేలమందిని పరిశోధకులు దశాబ్దాల పాటు గమనిస్తూ వచ్చారు. ఏడేళ్ళప్పుడు, పదకొండేళ్ళప్పుడు తోటి పిల్లల వేధింపుకు తరచూ గురైనవాళ్ళలో డిప్రెషన్, ఆందోళన నలభై అయిదేళ్ళ వయసులో కూడా మిగతావాళ్ళకంటే ఎక్కువగా కనిపించాయి. అందరికీ అలా జరుగుతుందని కాదు. సమయానికి ఎవరో ఒకరు పక్కన నిలబడితే చాలామంది బాగానే తేరుకుంటారు. కానీ మరుపు మీద భారం వేసి ఊరుకోవడం మాత్రం సరికాదు.

ఇప్పుడు మీ అమ్మాయి అన్న మాట: "నవ్వానంతే."

వేధింపు అనగానే మనకు ఇద్దరే కనిపిస్తారు, కొట్టేవాడు, దెబ్బలు తినేవాడు. 1990లలో ఫిన్లాండ్‌కు చెందిన క్రిస్టినా సాల్మివల్లి, ఆమె తోటి పరిశోధకులు క్లాసు మొత్తాన్ని చూశారు. మొదలుపెట్టేవాళ్ళు, వాళ్ళకు చేయందించేవాళ్ళు, నవ్వి ఎగదోసేవాళ్ళు, ఏమీ పట్టనట్టు పక్కకు తప్పుకునేవాళ్ళు, బాధపడే పిల్ల పక్షాన నిలబడేవాళ్ళు, ఆ బాధపడే పిల్ల. ఇలా క్లాసులో దాదాపు ప్రతి ఒక్కరికీ ఏదో ఒక పాత్ర ఉంటుందని వాళ్ళు గమనించారు. మీ అమ్మాయిది మూడో పాత్ర. తను ఏమీ చేయలేదని నిజంగానే నమ్ముతోంది, అబద్ధం చెప్పడం లేదు. కానీ నవ్వు ఒక పనే. ఆ రికార్డు పెట్టిన రోజు కింద ఒక్క నవ్వూ రాకపోయి ఉంటే రెండోది వచ్చేదా? మొదలుపెట్టిన అమ్మాయికి కావలసింది ఆ పాప కన్నీళ్ళు కాదు, మిగతావాళ్ళ నవ్వులు. ఆ పాపను ఏడిపించడం దానికి దారి, అంతే.

కెనడాలో స్కూలు ఆటస్థలాల్లో పిల్లలను వీడియో తీసి చూసిన పరిశోధకులు 2001లో రాసిన సంగతి నేను చాలామంది తల్లిదండ్రులకు చెబుతుంటాను. వేధింపు జరిగిన సందర్భాల్లో 88 శాతం చోట్ల తోటి పిల్లలు అక్కడే ఉన్నారు. వాళ్ళలో ఎవరైనా అడ్డుపడింది 19 శాతం సందర్భాల్లోనే. అడ్డుపడినప్పుడు మాత్రం సగానికి పైగా సార్లు, 57 శాతం, పది సెకన్లలోపే ఆగిపోయింది. పది సెకన్లమ్మా. పెద్దవాళ్ళు మీటింగులు పెట్టి నెలల తరబడి ఆపలేనిది, పక్కనున్న పిల్ల ఒక్క మాటతో ఆపగలిగింది. మీ అమ్మాయికి ఈ సంగతి చెప్పండి. నేరం మోపుతున్నట్టు కాకుండా, తన చేతిలో ఎంత బలం ఉందో చెబుతున్నట్టు చెప్పండి.

అయితే తన భయాన్ని కొట్టిపారేయకండి. "నవ్వకపోతే రేపు నన్నే అంటారు" అన్నది సాకు కాదు. ఆ వయసు పిల్లలకు స్నేహితుల మధ్య చోటు పోవడం అంటే తిండి, నిద్ర పోయినంత బాధ. అడ్డు చెప్పినవాళ్ళ మీదకు గురి మారడం కూడా జరుగుతుంది. "నీకెందుకే భయం, ధైర్యంగా ఎదురు చెప్పు" అని మీరంటే, ఈ విషయంలో అమ్మకు ఏమీ అర్థం కాదని తను నిర్ణయించుకుంటుంది. తర్వాత మీకు ఏదీ చెప్పదు. "అవును, భయం వేస్తుంది. ఆ భయం ఉన్నా చేయగలిగినవి ఏమున్నాయో చూద్దాం" అనండి.

తనతో కూర్చునేటప్పుడు మీవారూ మీరూ ఇద్దరూ ఎదురుగా కూర్చుని విచారణ పెట్టొద్దు. ఒక్కరే కూర్చోండి, పక్కన. గ్రూపు తెరిచి మొదటినుంచి ఇద్దరూ కలిసి చదవండి. మీరు వ్యాఖ్యానించవద్దు. తను నవ్వు పెట్టిన ప్రతి చోటా ఆగి "ఇక్కడ నీకేమనిపించింది?" అని అడగండి. "ఎందుకు పెట్టావు?" అంటే పిల్లలు సమర్థించుకోవడం మొదలుపెడతారు. ఏమనిపించింది అని అడిగితే, నాలుగైదు చోట్ల దాటాక, ఎక్కడో ఒకచోట "నిజానికి నాకు నవ్వు రాలేదు" అంటుంది. చాలామంది పిల్లలు అంటారు. లోపల నచ్చకపోయినా అందరూ నవ్వుతున్నారని నవ్వుతారు. ఆ అందరిలో కూడా సగం మంది అలా నవ్వినవాళ్ళేనని ఎవరికీ తెలియదు. ఆ మాట తన నోటినుంచి వచ్చేదాకా ఓపిక పట్టండి. మీరు చెబితే అది ఉపదేశం, తను అంటే తన సొంత మాట.

నత్తి గురించి కూడా చెప్పండి. అది తెలివికి సంబంధించినది కాదు, బద్ధకమూ కాదు, కావాలంటే ఆపేసుకునేదీ కాదు. నవ్వుతారన్న టెన్షన్ ఉంటే నత్తి మరింత ఎక్కువవుతుంది. అంటే ఆ గ్రూపులో నవ్వింది ఆ పాప నత్తి చూసి మాత్రమే కాదు, ఆ నత్తిని పెంచుతూ నవ్వారు. తను క్లాసులో లేచి నిలబడినప్పుడు వినిపించిన ప్రతి కిచకిచా తర్వాతి పదాన్ని మరింత బరువు చేసి ఉంటుంది. దీన్ని మీ అమ్మాయి ఊహించుకోగలిగితే మిగతాది సులువు.

తను ఏం చేయాలి? క్లాసులో లేచి స్నేహితురాలిని నిలదీయమని నేను చెప్పను. ఒంటరిగా అలా చేయమని పదమూడేళ్ళ పిల్లను పంపడం పెద్దవాళ్ళ పని తన మీద వేయడమే. ఈరోజునుంచి నవ్వు ఆపాలి, ఇది మాత్రం తప్పనిసరి. ఎమోజీ పెట్టకపోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రెండోది, ఆ పాప పక్కన ఉండటం. వేధింపుకు గురైన పిల్లలను ఏది ఎక్కువ ఉపయోగపడిందని అడిగితే, తమ తరఫున పోట్లాడినవాళ్ళకంటే తమతో కాస్సేపు గడిపినవాళ్ళనీ, మాట కలిపినవాళ్ళనీ, అక్కడినుంచి పక్కకు తీసుకెళ్ళినవాళ్ళనీ చెబుతారు. బ్రేక్‌లో వెళ్ళి పక్కన కూర్చోవడం, నోట్సు అడగడం, "నిన్న లెక్క నీకు వచ్చిందా?" అనడం. మాట మధ్యలో ఆగితే తను అందుకుని పూర్తిచేయకుండా ఓపిగ్గా వినడం. ఇవి పైకి చిన్నవి. క్లాసంతా వెలివేసిన పిల్లకు ఇవే పెద్దవి.

ఫిన్లాండ్‌లో సాల్మివల్లి బృందమే స్కూళ్ళ కోసం తయారుచేసిన కీవా అనే కార్యక్రమం ఉంది. అందులో ఒక పిల్ల వేధింపుకు గురవుతోందని తెలిసినప్పుడు, టీచర్లు వేధించినవాళ్ళతో మాట్లాడడంతో ఆగరు. క్లాసులో నలుగురి మాట చెల్లే మంచి పిల్లలు ఇద్దరు ముగ్గురిని విడిగా పిలిచి, ఆ పిల్లకు తోడుగా ఎలా ఉంటారో వాళ్ళనే ఆలోచించి చెప్పమంటారు. మీ అమ్మాయి ఆ చోటికి చేరగలదని నాకనిపిస్తోంది, ఎందుకంటే అడగ్గానే ఏడ్చింది.

స్కూల్లో చెప్పాలా అంటే, చెప్పాలి, ఆలస్యం చేయకుండా. తోటి పిల్లల బలం గురించి ఇంత రాసినా, దీన్ని ఆపే బాధ్యత పెద్దవాళ్ళదే. కానీ ముందు మీ అమ్మాయికి చెప్పి వెళ్ళండి. తనకు తెలియకుండా వెళితే, అమ్మకు నిజం చెప్పడం వల్ల నష్టమే జరిగిందన్న పాఠం మిగులుతుంది. వద్దని ఏడుస్తుంది. "నీ పేరు బయటికి రాకుండా ఎలా చేయాలో టీచర్‌తో మాట్లాడతాను, కానీ చెప్పకుండా ఉండలేను" అనండి. టీచర్‌తో కూడా ఆ మాటే అనండి: ఇది పెద్దవాళ్ళ కంట పడింది అని మాత్రం చెబితే చాలు. అది నిజమే కదా, కంట పడింది మీకే.

వెళ్ళేముందు ఆ గ్రూపులోని మాటలకు తేదీలు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. గ్రూపు చెరిపేస్తే ఏమీ మిగలదు. ఆ రికార్డును మాత్రం ఇంకెవరికీ పంపకండి, మంచి ఉద్దేశంతో కూడా వద్దు. ఆ పాప గొంతు ఇప్పటికే చాలామంది చేతుల్లో ఉంది. టీచర్‌కు మీ ఫోన్‌లో వినిపిస్తే సరిపోతుంది.

స్కూలువాళ్ళతో మీరు గట్టిగా పట్టుబట్టాల్సిన విషయం ఒకటుంది. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయవద్దని చెప్పండి. గొడవ అయితే రాజీ పనిచేస్తుంది. ఇక్కడ ఒకరు బలం ఉన్నవాళ్ళు, ఒకరు లేనివాళ్ళు. అందరి ముందు చేతులు కలపమంటే ఆ పాప భయంతో కలుపుతుంది, బయటికి వెళ్ళాక రెట్టింపు అనుభవిస్తుంది. ప్రార్థన సమావేశంలో అందరినీ నిలబెట్టి చదివి వినిపించడం కూడా అంతే, ఆ పాపకు రెండోసారి అవమానం. ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడాలి. బ్రేక్‌లో, మెట్ల దగ్గర, బస్సు ఎక్కేచోట పెద్దవాళ్ళ కన్ను ఉండాలి. రెండు వారాల తర్వాత మళ్ళీ చూడాలి. నార్వేలో 1983లో దేశం మొత్తం ఈ పని మొదలుపెట్టినప్పుడు చేసినవి దాదాపు ఇలాంటివే: బ్రేక్‌లో పర్యవేక్షణ, క్లాసులో అందరూ కలిసి పెట్టుకున్న నియమాలు, పిల్లలతోనూ తల్లిదండ్రులతోనూ సూటిగా మాటలు. అక్కడి బెర్గెన్ నగరంలో 42 స్కూళ్ళలో ఓల్వేయస్ లెక్క చూస్తే వేధింపు దాదాపు సగానికి తగ్గింది. ఇది తగ్గించగలిగేదేనని మీరు నమ్మి వెళ్ళండి, అప్పుడు మీ మాటలో తేడా ఉంటుంది.

ఆ పాప వాళ్ళమ్మకు మీరే ఫోన్ చేయాలనిపించడం మీ మంచితనం. ముందు స్కూలువాళ్ళను చెప్పనివ్వండి. ఒక రాత్రివేళ తెలియనివాళ్ళ ఫోన్‌లో ఈ వార్త వినే తల్లి పరిస్థితి ఆలోచించండి. ఆవిడకు తెలిశాక మీరు మాట్లాడండి, క్లుప్తంగా. మా అమ్మాయి కూడా నవ్వింది, దానికి సిగ్గుపడుతున్నాం, ఇంట్లో ఇలా చేస్తున్నాం అని చెప్పండి. ఆవిడ కోప్పడితే వినండి. క్షమించమని ఒత్తిడి చేయకండి, మీ బాధంతా ఆవిడ ముందు పెట్టకండి. ఆవిడ బాధ ఆవిడకు చాలు. ఒకవేళ ఆ పాప స్కూలుకు రావడం మానేసినా, బతకాలని లేదన్నట్టు ఏదైనా అన్నట్టు మీ చెవిన పడినా, ఈ వరుస అంతా వదిలేసి ఆ రోజే, ఆ గంటే, వాళ్ళమ్మానాన్నలకు చెప్పండి.

సారీ సంగతి. తను ఇప్పటికిప్పుడు వెళ్ళి సారీ చెప్పాలని బలవంతం చేయకండి. బలవంతపు సారీ పెద్దవాళ్ళ కోసం చెప్పేది. నవ్వు ఆపి, కొన్నాళ్ళు పక్కన కూర్చుని, ఆ తర్వాత తనే చెప్పాలనుకుంటే ఎవరూ లేనప్పుడు చెప్పనివ్వండి. "గ్రూపులో నీ మీద నవ్వాను. అది తప్పు." ఆ తర్వాత "కానీ" అనే మాట రాకూడదు. ఆ పాప ఏమీ అనకుండా వెళ్ళిపోవచ్చు, ఆ హక్కు తనకుందని ముందే చెప్పి పంపండి.

ఫోన్ పూర్తిగా లాక్కోవద్దు. ఆన్‌లైన్‌లో ఏదైనా జరిగితే పిల్లలు పెద్దవాళ్ళకు చెప్పకపోవడానికి ఒక ముఖ్యమైన కారణం ఫోన్ పోతుందన్న భయమే. రేపు ఇదే తన మీదకు వస్తే మీకు తెలియాలి కదా. రాత్రిపూట మాత్రం ఫోన్లన్నీ, మీవి కూడా, పడకగది బయట ఉండనివ్వండి. ఇలాంటి గ్రూపులు ఎక్కువగా పెద్దవాళ్ళు పడుకున్నాకే మోగుతాయి.

ఇక ఆ ప్రాణస్నేహితురాలు. ఆ పిల్లకు ఇంట్లో ఏదో కష్టం ఉండి ఇలా చేస్తోందని మీరు అనుకుంటూ ఉండవచ్చు. కొందరి విషయంలో అది నిజం. వేధించే పిల్లల్లో కొందరు తామే ఇంకోచోట వేధింపుకు గురవుతుంటారు, అందరికంటే ఎక్కువగా దెబ్బతినేది వాళ్ళే. కానీ చాలామంది అలా కాదు. క్లాసులో పేరున్నవాళ్ళు, మాటకారులు, ఎవరికి ఏది గుచ్చుకుంటుందో బాగా తెలిసినవాళ్ళు. నలుగురిలో పైచేయి నిలుపుకోవడానికి ఇది పనికొస్తోంది కాబట్టి చేస్తారు, పనికిరాకపోతే చాలామంది మానేస్తారు. అందుకే ఆ పిల్లను రాక్షసిని చేసి "దానితో మాట్లాడావంటే ఊరుకోను" అనకండి. ఏడెనిమిదేళ్ళ స్నేహం మీ ఆజ్ఞతో తెగదు, చాటుకు పోతుంది. "నీ స్నేహితురాలు నీకు ఇష్టమే. తను చేసింది నీకు ఇష్టమేనా?" అని అడిగి వదిలేయండి. జవాబు వెంటనే రాదు. ఒక్కోసారి నెలలు పడుతుంది. మీ అమ్మాయి నవ్వడం మానేశాక ఆ స్నేహం నిలుస్తుందో లేదో తనే చూస్తుంది. నిలవకపోతే ఆ దుఃఖం నిజమైనదే. అప్పుడు "నేను ముందే చెప్పాను కదా" అనకుండా పక్కన ఉండండి.

తన మీదకు గురి మారితే ఏం చేయాలో కూడా ఇప్పుడే అనుకోండి. ఎవరికి చెప్పాలి, స్కూల్లో ఏ టీచర్ దగ్గరికి వెళ్ళాలి, మీకు ఏ మాటతో మెసేజ్ పెడితే మీరు వెంటనే అర్థం చేసుకుంటారు. ఒక కాగితం మీద ఇద్దరూ కలిసి రాసుకోండి. భయం పూర్తిగా పోదు కానీ ఒంటరిగా లేనన్న ధీమా వస్తుంది.

ఈ ఆదివారం మాట్లాడండి, సోమవారం క్లాస్ టీచర్‌ను కలవండి. నెలాఖరుకు నాకు మళ్ళీ రాయండి. మీ అమ్మాయి ఎలా ఉందో రాయండి, ఆ పాప క్లాసులో మళ్ళీ లేచి పాఠం పైకి చదివిందో లేదో కూడా రాయండి.